వంటింటి పని తేలిక చేసే కిటుకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ రాసినవి చాలావరకు నా వంటింట్లో చేసి చూసినవే. చేసి చూసి, పనికిరావని పక్కన పెట్టేసినవీ కొన్ని ఉన్నాయి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు వలవడానికి ఒక సీసా వెతికి, దాన్ని రెండు నిమిషాలు ఊపి, ఆ తర్వాత సీసానే కడుక్కోవాల్సి వస్తే అది కిటుకు ఎలా అవుతుంది? కొత్త పని అవుతుంది. అలాంటివి ఇందులో లేవు.

ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండకుండా ఏం చేయాలి?

ఉల్లిపాయ కణాల్లో కొన్ని పదార్థాలు విడివిడి అరల్లో ఉంటాయి. చాకు ఆ గోడల్ని చీల్చగానే అవి కలిసి ఒక ఘాటైన ఆవిరి పుడుతుంది. అది కంటి తడిని తాకితే మంట. ఈ ఆవిరి పుట్టించే ఎంజైమ్‌ను జపాన్ పరిశోధకులు 2002లో బయటపెట్టారు. 2013లో ఆ పనికి ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా దక్కింది.

కారణం తెలిస్తే ఏది పనిచేస్తుందో మనమే చెప్పొచ్చు. ఒకటి, చాకు పదునుగా ఉండాలి. మొద్దు చాకు కోయదు, నలుపుతుంది. నలిగిన కొద్దీ ఎక్కువ కణాలు పగిలి ఆవిరి పెరుగుతుంది. రెండు, కోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. చలికి ఆవిరి నెమ్మదిస్తుంది. మూడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి దాని దగ్గరే నిలబడి కోయండి. నోట్లో రొట్టె ముక్క పెట్టుకోవడం, అగ్గిపుల్ల కరిచి పట్టుకోవడం కూడా చేసి చూశాను. కళ్ళ నీళ్ళు ఎప్పటిలాగే కారాయి, పైగా ఇంట్లోవాళ్ళు నవ్వారు.

అసలు కూరగాయలు కోయడానికే నాకు గంట పడుతోంది. త్వరగా అయ్యే దారి ఉందా?

ముందు బోర్డు కదలకుండా చూడండి. ఒక గుడ్డ తడిపి, బాగా పిండి, బోర్డు కింద పరచండి. బోర్డు జారుతుంటే చేతికి తెలియకుండానే భయం ఉంటుంది, భయపడే చెయ్యి నెమ్మదిగానే కదులుతుంది. నేను ఈ ఒక్క పని చేయకుండా ఎన్నో ఏళ్ళు కోశాను.

తర్వాతది పదును. మొద్దు చాకుతో గట్టిగా నొక్కాలి, నొక్కినప్పుడు అది పక్కకు జారి వేలి మీదకు వస్తుంది. పదును చాకే క్షేమం. చాకుతో పాటు వచ్చే పొడవాటి ఉక్కు కడ్డీ మీద రుద్దితే వంగిన అంచు నిటారు అవుతుందే తప్ప కొత్త పదును రాదు. కొత్త పదును కావాలంటే సాన రాయి కావాలి. పదును ఉందో లేదో తెలుసుకోవడానికి టమాటా తొక్క మీద చాకు ఆనించి లాగండి. నొక్కకుండానే దిగితే సరే.

కూరగాయ పట్టుకున్న చేతి వేళ్ళు లోపలికి ముడవండి, గోళ్ళు కాకుండా వేళ్ళ కణుపులు చాకుకు ఎదురుగా ఉండాలి. గుండ్రంగా ఉన్నదాన్ని ముందు సగానికి కోసి, చదునైన వైపు బోర్డు మీద బోర్లించండి. ఉల్లిపాయకైతే వేరు ఉన్న మొదలు చివరి దాకా ఉంచండి, పొరలు విడిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. చెత్తకు ఒక గిన్నె పక్కనే పెట్టుకుంటే ప్రతి తొక్కకీ చెత్తబుట్ట దాకా నడవక్కర్లేదు. ఇంకొకటి: చాకు చేతిలోంచి జారితే పట్టుకోబోకండి. పడనివ్వండి, కాళ్ళు వెనక్కి తీసుకోండి.

వెల్లుల్లి, అల్లం తొక్క తీయడం?

వెల్లుల్లి రెబ్బ మీద చాకు బల్లపరుపుగా పెట్టి అరచేత్తో ఒక్కసారి నొక్కండి, తొక్క ఊడి వస్తుంది. రెబ్బలు పూర్తిగా కావాలంటే కొద్దిసేపు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. అల్లాన్ని చెంచా అంచుతో గీకండి. వంకరల్లోకి కూడా చెంచా వెళ్తుంది, కండ వృథా కాదు. చాకుతో చెక్కితే సగం అల్లం చెత్తలోకే పోతుంది.

వారానికి సరిపడా ముద్ద నూరి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే బాగుంటుంది. కానీ పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి సీసాలో బయట నిల్వ ఉంచొద్దు. గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు, వాసనలో ఏ తేడా ఉండదు. చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి.

ఉడికించిన గుడ్డు పెంకు తీస్తే సగం గుడ్డు దాంతోనే వచ్చేస్తోంది. నా తప్పేంటి?

బహుశా గుడ్డు మరీ తాజాగా ఉండడమే. గుడ్డు పాతబడే కొద్దీ పెంకు రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, అది పెంకు లోపలి పొరకు అంతగా అంటుకోదు. అందుకే వారం, పది రోజుల గుడ్డు తేలిగ్గా ఒలుస్తుంది. ఉడికించడానికి కొత్తవి కాకుండా ఫ్రిజ్‌లో ముందు నుంచి ఉన్నవి తీయండి.

చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టే అలవాటు మానేశాను. నీళ్ళు మరిగాక గరిటెతో మెల్లగా లోపలికి దించుతాను. వేడి ఒక్కసారిగా తగిలితే తెల్లసొన పొరకు అతుక్కునేలోపే గట్టిపడుతుంది. గట్టిగా ఉడకడానికి దాదాపు 11 నిమిషాలు. దించగానే ఐస్ నీళ్ళలో వేసి చల్లారనివ్వండి. పెంకు అంతా పగలగొట్టి, వెడల్పు కొన దగ్గర మొదలుపెట్టి, నీళ్ళలో ముంచి ఒలవండి. ఆ కొనలో గాలి గది ఉంటుంది, పొర కిందికి వేలు దూరుతుంది.

పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తే ఎక్కువసేపు ఉడికిందని అర్థం. సొనలోని ఇనుము, గంధకం కలిసినందువల్ల వచ్చే రంగు అది. తింటే ఏమీ కాదు.

నీళ్ళలో తేలే గుడ్డు పారేయాలా?

తేలడం అంటే లోపల గాలి గది పెరిగింది, అంటే పాతది. పాతదీ చెడిపోయిందీ ఒకటి కాదు. విడిగా ఒక గిన్నెలో పగలగొట్టి వాసన చూడండి. చెడిన గుడ్డు వాసన గురించి ఎవరూ చెప్పక్కర్లేదు!

పాలు పొంగకుండా గిన్నె మీద చెక్క గరిటె పెడితే చాలంటారు. నిజమేనా?

కొంతసేపు నిజమే. పాలు కాగేటప్పుడు ప్రోటీన్లు, కొవ్వు పైన పొరగా కడతాయి. కింది నుంచి వచ్చే ఆవిరి ఆ పొరను తోసుకుని నురగగా లేస్తుంది. నురగ ఎండిన చెక్కకు తగిలినప్పుడు బుడగలు పగులుతాయి. గరిటె తడిసి వేడెక్కాక ఆ పని చేయదు. నేను ఆ గరిటెను నమ్మి ఫోన్ మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గరిటె దాని చోటే ఉంది, పాలు మాత్రం స్టవ్ కిందున్నాయి.

పాల కొలతకు రెట్టింపు పట్టే గిన్నె తీసుకోండి, మంట తగ్గించండి, అప్పుడప్పుడు కలపండి. అడుగంటకుండా ఉండాలంటే ముందు గిన్నెలో రెండు చెంచాల నీళ్ళు పోసి తిప్పి, ఆ తడి మీద పాలు పోయండి.

గిన్నె మాడిపోయింది. పీచుతో ఎంత తోమినా పోవట్లేదు.

తోమకండి. మాడిన చోటు మునిగేలా నీళ్ళు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, సన్న మంట మీద పది నిమిషాలు మరిగించండి. పూర్తిగా చల్లారనిచ్చి చెక్క గరిటెతో గీకితే పెచ్చులుగా లేస్తుంది. మొండిగా ఉంటే ఇంకోసారి. ఇది స్టీలు గిన్నెలకే. అల్యూమినియం గిన్నెలో సోడా మరిగిస్తే లోహం నల్లబడుతుంది, దానికి నిమ్మరసం కలిపిన నీళ్ళు మరిగించాలి. నాన్‌స్టిక్‌కు అయితే గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టడమే, గీకుడు వద్దు.

వంట మధ్యలో అడుగంటిందని వాసన వస్తే కలపకండి. కలిపితే మాడు రుచి మొత్తం పాకుతుంది. పైది పైనే మెల్లగా వేరే గిన్నెలోకి తీసుకోండి. అడుగు గీకకుండా ఉంటే చాలాసార్లు వంట దక్కుతుంది.

వంటసోడా, వెనిగర్ కలిపితే అన్నీ శుభ్రమవుతాయట కదా?

బుస్సుమని పొంగడం చూడ్డానికి బాగుంటుంది. కానీ క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళలాంటి ద్రావణం. విడివిడిగా వాడితేనే రెండింటికీ బలం. జిడ్డుకు, మాడుకు సోడా. కెటిల్‌లో, కుళాయి మీద పేరుకున్న తెల్లటి సున్నపు పొరకు వెనిగర్.

వెనిగర్‌ను గానీ, మరే ఆమ్లాన్ని గానీ బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిసినా విషవాయువే.

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్కలు వేస్తే లాగేస్తాయా?

దుంప ఉప్పును మాత్రమే ఏరి లాగదు, ఉప్పగా ఉన్న నీటిని పీలుస్తుంది. మిగిలిన పులుసులో ఉప్పు శాతం దాదాపు అంతే ఉంటుంది. దుంపతో పాటు మనం పోసే నీళ్ళే అసలు పని చేస్తాయి, పేరు దుంపకొస్తుంది. ఉప్పు లేకుండా ఉడికించినది ఏదైనా కలిపి పరిమాణం పెంచడమే నమ్మకమైన మార్గం. కాస్త ఎక్కువైతే నిమ్మరసం గానీ చిటికెడు పంచదార గానీ నాలుకను మరిపిస్తాయి.

పులుసు చిక్కబడేదైతే ఉప్పు చివర్లో సరిచూడండి. నీరు ఇగిరే కొద్దీ ఉప్పు నిలబడిపోతుంది.

గింజలు రాత్రంతా నానబెట్టినా ఉడకట్లేదు. ఎందుకు?

మూడు కారణాలు ఉండొచ్చు. గింజలు మరీ పాతవి. నీళ్ళు బరువైనవి, అంటే కాల్షియం ఎక్కువ ఉన్నవి, దానివల్ల గింజ గోడలు గట్టిపడతాయి. లేదా టమాటా, నిమ్మరసం లాంటి పులుపు ముందే వేసేశారు. పులుపులో గింజ మెత్తబడదు, ఉడికాకే వేయాలి. ఉప్పు మీద మాత్రం అపనింద ఉంది. నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది, గింజ పగలకుండా ఉడుకుతుంది. చిటికెడు వంటసోడా కూడా సాయం చేస్తుంది, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

నానబెట్టడం మర్చిపోయారా? ఒక పొంగు రానిచ్చి, స్టవ్ ఆపి, మూతపెట్టి గంట వదిలేయండి. ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికించండి.

ఎర్ర రాజ్మా విషయంలో జాగ్రత్త. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, కనీసం పది నిమిషాలు బాగా మరిగితేనే పోతుంది, అరగంట మరిగిస్తే ఇంకా మంచిది. స్లో కుక్కర్‌లో తక్కువ వేడి మీద నేరుగా వేస్తే అది పోదు. ముందు పొయ్యి మీద మరిగించి తర్వాత అందులో వేయండి.

ప్రెషర్ కుక్కర్ లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, విజిల్ సరిగ్గా రావట్లేదు.

ఎక్కువ నింపుతున్నారేమో చూడండి. మామూలు వాటికి మూడింట రెండు వంతులు, బియ్యం, పప్పు, గింజల్లాంటి నురగొచ్చే వాటికి సగం దాటొద్దు. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. విజిల్ కింది రంధ్రం వెలుతురుకు పట్టుకుని చూడండి, అవతల వైపు కనిపించాలి. రబ్బరు గట్టిపడినా, సాగినా మార్చేయాలి. దాన్ని సాగదీసి, ఫ్రీజర్‌లో పెట్టి కాలం వెళ్ళదీయడం నేనూ చేశాను, గ్యాస్ వృథా తప్ప లాభం లేదు.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెని పాపిన్ 1679లో కనిపెట్టిన సూత్రమే ఈనాటికీ మన కుక్కర్‌ది: ఆవిరిని బంధిస్తే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా దాదాపు 120 దాకా వేడెక్కుతాయి. ఒత్తిడి అందుకున్నాక మంట పెద్దగా ఉంచినా లోపలి వేడి పెద్దగా పెరగదు, ఆవిరే బయటికి పోతుంది. కాబట్టి మొదటి విజిల్ తర్వాత సన్న మంట చాలు.

ఏది ఫ్రిజ్‌లో, ఏది బయట?

బంగాళాదుంపలు బయట, చీకట్లో, గాలి తగిలే చోట. ఫ్రిజ్ చలికి వాటిలోని పిండి చక్కెరగా మారుతుంది, వేయిస్తే త్వరగా నల్లబడతాయి. వెలుతురు తగిలి పచ్చబడితే సొలనైన్ అనే విషపదార్థం చేరిందని గుర్తు. అది ఉడికినా పోదు. పచ్చటి చోటు, మొలకలు లోతుగా కోసేయండి, ఎక్కువగా ఉంటే దుంపే పారేయండి. ఉల్లిపాయలు కూడా బయటే, కానీ వేరే బుట్టలో.

టమాటాలు పండేదాకా బయటే ఉంచండి. 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న చోట వాటి వాసన, రుచి దెబ్బతింటాయి. బాగా పండి మెత్తబడుతుంటే ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. తినే ముందు కాసేపు బయట పెట్టండి.

అరటి, ఆపిల్, టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది పక్కనున్న వాటిని త్వరగా పండిస్తుంది, ఆకుకూరల్ని పసుపు పచ్చగా మారుస్తుంది. పచ్చికాయ త్వరగా పండాలంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో మడిచి పెట్టండి. ఆకుకూరలు ఉండాలంటే వాటి పక్కన పండ్లు పెట్టకండి. కొత్తిమీర, పుదీనా కాడల చివర్లు కోసి గ్లాసు నీళ్ళలో పూలగుత్తిలా నిలబెట్టి, పైన పల్చటి కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెడితే వారం దాటినా నిలుస్తాయి. కడిగి తడితోనే డబ్బాలో కుక్కితే మూడో రోజుకే కుళ్ళుతాయి.

బ్రెడ్‌కు ఫ్రిజ్ శత్రువు. ఆ చలిలోనే అది అన్నిటికంటే త్వరగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో తింటే బయట, లేకపోతే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టి నేరుగా కాల్చుకోండి.

మిగిలిన అన్నం, కూరలు వేడి తగ్గాకే ఫ్రిజ్‌లో పెట్టాలా?

పూర్తిగా చల్లారేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, ఎండలు మండే రోజుల్లో గంటలోపే. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. పెద్ద గిన్నె అలాగే పెడితే మధ్యలో గంటలకొద్దీ వెచ్చగా ఉంటుంది, అందుకే వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న డబ్బాల్లోకి సర్దండి.

అన్నం గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మేల్కొని వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పొగలు కక్కేలా వేడి చేసినా లాభం లేదన్నమాట.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. డబ్బా మీద తేదీ రాసిన టేపు ముక్క అంటించడం మాత్రం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. మీరైనా అలవాటు చేసుకోండి, గుర్తుంటుందని అనుకున్నది ఎప్పుడూ గుర్తుండదు.

బియ్యం, పిండిలో పురుగులు?

కొత్తగా తెచ్చింది గట్టి కవర్లో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి, గుడ్లతో సహా చస్తాయి. తీశాక కవరు విప్పకుండానే గది వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. తర్వాత గాలి చొరని డబ్బాలో పోయండి. పాత డబ్బాలో కొత్తది కలిపి పోయొద్దు.

మూకుట్లో నూనెకు మంట అంటుకుంటే?

ఈ ప్రశ్న కిటుకుల్లో చేరేది కాదు గానీ, తెలియకపోతే ఇల్లే పోతుంది. నీళ్ళు పోయొద్దు. నూనె కిందికి దిగిన నీరు క్షణంలో ఆవిరై మండే నూనెను పైకి చిమ్ముతుంది. స్టవ్ ఆపండి. లోహపు మూత పక్క నుంచి జరిపినట్టుగా కప్పండి. గిన్నె ఎత్తి బయటికి తీసుకెళ్ళే ప్రయత్నం వద్దు. చల్లారేదాకా మూత తీయొద్దు. మంట అదుపు తప్పితే అందరూ బయటికి వెళ్ళి అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయాలి. నూనె పొగ వస్తోందంటే అంటుకునే దశకు దగ్గరవుతోందని లెక్క, అందుకే వేపుడు పెట్టి అక్కడి నుంచి కదలకూడదు.

నాన్‌స్టిక్ పెనం త్వరగా పాడైపోతోంది.

ఖాళీగా పెద్ద మంట మీద పెట్టకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పూత విరగడం మొదలై పొగలు వస్తాయి. ఇంట్లో పెంపుడు పక్షులుంటే ఆ పొగకు చనిపోతాయి కూడా. చెక్క గరిటె వాడండి, వేడి పెనం మీద చన్నీళ్ళు పోయకండి.

ప్లాస్టిక్ డబ్బాలకు పట్టిన టమాటా, పసుపు మరకలు?

కడిగి ఎండలో పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో ఎండే ఆ రంగును విరగ్గొడుతుంది. ఇంతకంటే సోమరి కిటుకు నాకు తెలియదు, ఇంతకంటే ఇష్టమైనదీ లేదు.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులు, రాని సీసా మూతలు?

గ్లాసులైతే పైదాంట్లో చన్నీళ్ళు పోసి, కిందిదాన్ని గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టండి. లోపలిది కుంచించుకుంటుంది, బయటిది సాగుతుంది. గాజువైతే మరీ వేడి నీళ్ళు వద్దు, పగులుతాయి.

లోహపు మూతను అర నిమిషం వేడి నీటి కుళాయి కింద తిప్పండి, లోహం గాజు కంటే ఎక్కువ సాగుతుంది. పట్టు దొరక్కపోతే మూత చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేయండి. కొత్త సీసా అయితే చెంచా మొనతో మూత అంచును కొంచెం పైకి లేపండి. టక్‌మని గాలి లోపలికి వెళ్ళిన చప్పుడు వినిపించిందంటే ఇక రెండు వేళ్ళతో తిప్పినా వచ్చేస్తుంది.